పంజరంలోని పిట్ట లెక్కలోకి రాదు: రెడ్ సిస్కిన్ చిక్కుముడి

వెనెజువేలా 2008లో కొత్త నోట్లు తెచ్చినప్పుడు వంద బొలీవర్ల నోటు వెనకవైపు ఒక చిన్న పిట్టను ముద్రించింది. తల, గొంతు నల్లగా, మిగతా ఒళ్లంతా మంట రంగులో ఉంటుంది. ఆ దేశంలో దాన్ని కార్దెనలీతో అంటారు. ఇంగ్లిష్ పేరు రెడ్ సిస్కిన్, శాస్త్రీయ నామం స్పైనస్ కుకుల్లాటస్. ముక్కు నుంచి తోక దాకా పది పదకొండు సెంటీమీటర్లు, బరువు పది గ్రాములకు అటూ ఇటూ. నోటు మీద చూసిన వెనెజువేలా వాళ్లు లక్షల్లో ఉంటారు. చెట్టు మీద చూసినవాళ్లు చాలా తక్కువ.

ఈ పిట్ట గురించి వెతికితే పొంతన లేని సమాచారం ఎదురవుతుంది. ఒకచోట, ముప్పులో ఉన్న జీవుల ప్రపంచ జాబితా అయిన ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ దీన్ని ‘ఎండేంజర్డ్’, అంటే అంతరించే ముప్పున్నది అంటుంది. ఇంకోచోట వెనెజువేలా తన దేశం వరకు వేసుకున్న అలాంటి జాబితా, రెడ్ బుక్, అంతకంటే ఒక మెట్టు పైన, ‘క్రిటికల్లీ ఎండేంజర్డ్’ అంటుంది. మరోపక్క యూరప్‌లో పక్షుల పెంపకందారుల దగ్గర ఇవి పంజరాల్లో పుట్టి పెరుగుతూనే ఉన్నాయి, ప్రదర్శనలకు వస్తూనే ఉన్నాయి. ఇన్ని ఉండగా అంతరించడం ఏమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. అది తీరాలంటే ముందు ఏ పిట్టను లెక్కపెడతారో, దేన్ని పక్కన పెడతారో తెలియాలి.

ఐయూసీఎన్ లెక్కలో పంజరం పిట్ట సున్నా. సహజంగా బతికే చోట స్వేచ్ఛగా తిరుగుతూ, జత కట్టి పిల్లలను కనగలిగినవే లెక్కకు వస్తాయి. తప్పించుకుపోయిన పంజరం పక్షుల వల్ల ప్వెర్టోరీకో దీవిలో కూడా ఈ పిట్టలు స్థిరపడ్డాయి. అవి స్వేచ్ఛగా తిరిగేవే అయినా, అది వాటి పుట్టిల్లు కాదు కాబట్టి వాటినీ కలపరు. పుట్టిల్లంటే ఉత్తర వెనెజువేలా కొండ దిగువ ప్రాంతాలు, దాన్ని ఆనుకుని ఉన్న ఈశాన్య కొలంబియా అంచు, గయానా దక్షిణ భాగం. ట్రినిడాడ్‌లోనూ ఒకప్పుడు ఉండేవి గానీ 1960 తర్వాత అక్కడ కనిపించిన దాఖలా లేదు.

లెక్కకు వచ్చే పిట్టల్లోనూ ఒక మెలిక ఉంది. మగవాటికే రంగు, మగవాటికే గిరాకీ. ఆడదాని తల బూడిద రంగులో ఉంటుంది. రొమ్ము పక్కన, నడుము మీద, రెక్క పట్టీలో మాత్రమే కాస్త నారింజ ఎరుపు. వేటగాడు మగవాటిని ఏరుకుని పట్టుకుపోతే ఆడవి జత లేకుండా మిగిలిపోతాయి. ఆడ మగ నిష్పత్తి ఇలా తప్పినప్పుడు మొత్తం తలల సంఖ్య కాకుండా తక్కువ అంచనానే తీసుకోవాలని ఐయూసీఎన్ మార్గదర్శకాలు చెబుతాయి. కొమ్మ మీద వంద పిట్టలు కనిపించినా, వాటిలో మగవి ఇరవయ్యే అయితే రాబోయే తరానికి ఆ గుంపు వంద కింద లెక్క కాదు.

ఇక ఈ మెట్లను విడదీసే గీతల సంగతి. పిల్లలను కనగల పిట్టలు 2,500 కంటే తక్కువై, ఆ సంఖ్య ఇంకా పడిపోతూ ఉంటే, మరికొన్ని షరతులతో కలిపి ఎండేంజర్డ్. ఇదే దారిలో 250 కంటే తక్కువైతే క్రిటికల్లీ ఎండేంజర్డ్. మొత్తం సంఖ్యతో పని లేకుండా తగ్గుదల వేగాన్ని బట్టి కూడా ఈ మెట్లు ఎక్కొచ్చు. పదేళ్లు లేదా మూడు తరాలు, రెండింటిలో ఏది ఎక్కువైతే ఆ కాలంలో సగం పోతే మొదటిది, ఎనభై శాతం పోతే రెండోది. ప్రపంచ జాబితా అన్ని దేశాల పిట్టలనూ కలిపి చూస్తుంది. జాతీయ రెడ్ బుక్ సరిహద్దు లోపలివాటినే చూస్తుంది. గయానాలో ఉన్నవి వెనెజువేలా లెక్కను పెంచవు. రెండు జాబితాల్లో రెండు మాటలు కనిపించడానికి కారణం ఇదే. పొరపాటు ఎవరిదీ కాదు.

ఆ ఎరుపు ఎక్కడిది?

ఈ పిట్ట కష్టాలకు మూలం దాని ఈకల రంగు. ఆ రంగు కూడా దాని ఒంటి మీద ఉన్నంతవరకు పెద్ద బెడద రాలేదు, పాట కోసం పంజరాల్లో పెంచే కెనరీ అనే పసుపు పిట్ట ఒంటి మీదకు ఎక్కించవచ్చని తేలాకే వచ్చింది.

ఎరుపు, పసుపు రంగులిచ్చే కెరటినాయిడ్లనే పదార్థాలను పక్షులు మొదటి నుంచి సొంతంగా తయారు చేసుకోలేవు. గింజల్లోంచి, పళ్లలోంచి, ఆకుల్లోంచి తినాల్సిందే. తిండిలో దొరికేవి చాలావరకు పసుపు రకాలు, ల్యూటిన్, జియాజాంతిన్ వంటివి. రెడ్ సిస్కిన్ శరీరంలో ఒక ఎంజైము ఆ పసుపు అణువులకు ఆక్సిజన్ తగిలించి ఎర్రటి కీటోకెరటినాయిడ్లుగా మారుస్తుంది. 2016లో ఎర్ర కెనరీల జన్యుక్రమాన్ని పసుపు కెనరీలతో, సిస్కిన్‌లతో పోల్చినప్పుడు ఈ పని చేసే జన్యువు దొరికింది. పేరు సీవైపీ2జే19. విశేషమేమిటంటే ఇది చాలా పక్షుల్లో ఉంది, మామూలు కెనరీలోనూ ఉంది. కాకపోతే అక్కడ అది కంటి రెటీనాలోని ఎర్ర నూనె బొట్లను తయారు చేసే పనికే పరిమితం. సిస్కిన్‌లో అది చర్మంలో, కాలేయంలో కూడా పనిచేస్తుంది. అందువల్ల ఎరుపు ఈకల్లోకి దిగుతుంది.

1920లలో జర్మనీలోని బ్రేమన్ నగరంలో హాన్స్ డుంకర్ అనే ఉపాధ్యాయుడు, కార్ల్ రైక్ అనే కెనరీ పెంపకందారుతో కలిసి ఎర్ర కెనరీని పుట్టించాలని పూనుకున్నాడు. అప్పటికి ఈ జన్యువు సంగతి ఎవరికీ తెలియదు. మగ సిస్కిన్‌ను ఆడ కెనరీతో జత కట్టిస్తే రాగి రంగు పిల్లలు వచ్చేవి. వాటిలో ఆడవి సాధారణంగా గొడ్డువే. మగవాటిలో కొన్ని మాత్రమే పనికొచ్చేవి. పక్షుల్లో ఆడదానికి రెండు వేర్వేరు లైంగిక క్రోమోజోములు, మగదానికి రెండూ ఒకటే. సంకర జాతుల్లో వేర్వేరు క్రోమోజోములున్న లింగానికే ముందు గొడ్డుతనం వస్తుందని 1922లో జె.బి.ఎస్. హాల్డేన్ గమనించాడు. తర్వాతి కాలంలో భారత పౌరసత్వం తీసుకుని భువనేశ్వర్‌లో కన్నుమూసిన హాల్డేన్ ఈయనే.

మొదటి తరంలో పనికొచ్చిన మగదాన్ని మళ్లీ కెనరీ పెట్టతోనే కలపాలి. సిస్కిన్ వాటా సగటున సగం నుంచి పావుకు, అక్కడి నుంచి 12.5 శాతానికి, ఆపై 6.25కు దిగుతుంది. ఇలా మూడు నాలుగు తరాలు కలిపితే ఆడవి కూడా గుడ్లు పెట్టే స్థితికి వస్తాయి. ప్రతి తరంలో ఎర్రగా ఉన్నవాటినే ఏరుకుంటూ పోతే మిగతా సిస్కిన్ జన్యువులన్నీ రాలిపోయి, ఎరుపు తెచ్చే ముక్క మాత్రం నిలుస్తుంది. నేటి ఎర్ర కెనరీలో సిస్కిన్ నుంచి వచ్చిందని స్పష్టంగా తేలిన భాగాలు ప్రధానంగా రెండే, ఒకటి ఈ జన్యువున్న చోటు, రెండోది చర్మం ఎదుగుదలకు సంబంధించినది.

ఒక జాతిని ఊడ్చేయడానికి ఇంత చిన్న ముక్క ఎలా కారణమైంది? కారణం ఆ వడపోత. ఎర్ర కెనరీల్లో ఒక వరస, అంటే వంశం, నిలబడాలంటే బోలెడు జతలు విఫలం కావాలి. అడవి నుంచి వచ్చిన సిస్కిన్‌లు కొత్త తిండికీ చలికీ తట్టుకోలేక చచ్చేవి. వరస పలచబడి నారింజ రంగుకు దిగిందంటే ‘కొత్త రక్తం’ అంటూ మళ్లీ అడవి పిట్ట కోసం చూసేవారు. అంతకుముందే టోపీల అలంకరణకు ఈకల కోసం వేట ఉండేది. దాని మీద ఇది తోడైంది.

డుంకర్‌కు కోరుకున్న ఎరుపు రాలేదు, నారింజ దగ్గరే ఆగిపోయింది. ఎంజైము సిద్ధంగా ఉన్నా ముడిసరుకు లేకపోతే రంగు రాదన్న సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదు. తర్వాతివాళ్లు క్యారెట్ వంటి తిండితో, ఆపై కాంథాజాంతిన్ అనే తయారీ ఎర్ర రంగుతో దాన్ని పూర్తి చేశారు. నేటికీ ఎర్ర కెనరీ పెంచేవాళ్లకు ఇదే పాఠం. ఈక మొలిచే రోజుల్లోనే రంగు అందాలి, మొలిచాక ఎంత పెట్టినా ఆ ఈక మారదు. గూడు విడిచిన పిల్లలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో ఒంటి ఈకలు రాల్చడం మొదలుపెడతాయి. అంతకు ముందే రంగు తిండి మొదలుపెట్టాలి. రెక్క, తోక ఈకలు మొదటి ఏడాది రాలవు. గూట్లో ఉన్నప్పుడు రంగు అందకపోతే అవి ఏడాది పాటు వెలిసినట్టే ఉంటాయి. దుకాణంలో ఎర్రగా కొన్న కెనరీ ఇంటికొచ్చాక మరుసటి ఏడు నారింజ రంగుకు తిరిగిందంటే మోసపోయామనుకోనక్కర్లేదు. తిండి మారింది, అంతే.

ఎర్ర కెనరీ వరసలు స్థిరపడి దశాబ్దాలైంది. వాటిలో వాటినే కలిపితే ఎర్ర పిల్లలే వస్తాయి కాబట్టి ఆ పనికి అడవి సిస్కిన్‌తో ఇప్పుడు అవసరం లేదు. అయినా వేట ఆగలేదు. అరుదైనది కాబట్టి సిస్కిన్‌కే గిరాకీ పుట్టింది.

ఉచ్చు ఎలా పనిచేస్తుంది

వెనెజువేలాలో 1940లలోనే దీనికి చట్ట రక్షణ వచ్చింది. 1975లో వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం అమల్లోకి వచ్చాక అందులోని అత్యంత కఠినమైన జాబితా అపెండిక్స్ I లో చేరింది. అంటే అడవిలో పట్టిన పిట్టను అంతర్జాతీయంగా అమ్మడం పూర్తిగా నిషేధం. కాగితం మీద ఇంతకంటే గట్టి రక్షణ లేదు. అయినా కిందిస్థాయిలో పట్టుకోవడం ఎంత తేలికో చూస్తే ఆ కాగితం ఎందుకు చాలలేదో తెలుస్తుంది.

రెండు అరల పంజరం ఉంటుంది. కింది అరలో దీమంగా ఒక బతికున్న పిట్ట. పై అరకు స్ప్రింగు తలుపు, లోపల గింజలు, తొక్కగానే తలుపు వదిలే చిన్న కర్ర. సిస్కిన్‌లు ఒంటరిగా ఉండే రకం కాదు, జంటలుగా, చిన్న గుంపులుగా తిరుగుతాయి. ఏ చెట్టు గింజకొస్తే ఆ చెట్టుకు మారుతూ ఉంటాయి. తమ జాతి కూత వినబడితే చుట్టుపక్కల ఉన్నవి దిగి వస్తాయి. ఒక్క దీమం పిట్ట, అడవి తెలిసిన ఒక్క మనిషి చాలు, ఓ లోయలో చెదురుమదురుగా ఉన్న గుంపును కొన్ని రోజుల్లో ఖాళీ చేయొచ్చు. కొమ్మలకు బంక పూసి పట్టేవాళ్లూ ఉన్నారు. ఆ బంక వల్ల ఈకలు ఊడిపోయి చచ్చేవి ఎక్కువ. పది గ్రాముల ప్రాణి పగలంతా తినకపోతే నిలవడం కష్టం. అందుకే అమ్మకానికి చేరిన ప్రతి పిట్ట వెనక దారిలో పోయినవి ఉంటాయి. అవి ఏ జప్తు రికార్డులోనూ కనిపించవు.

గుంపు చిన్నదయ్యాక నష్టం ఇంకా వేగంగా సాగుతుంది. సంచార జాతి కావడంతో ఒక లోయ నుంచి ఇంకో లోయకు వెళ్లినప్పుడు అక్కడ జత దొరకాలి. మధ్యలో కొండ దిగువ అడవిని నరికేసి పశువుల మేతకో పంటకో మార్చితే ఆ దారి తెగిపోతుంది. వేట, అడవి నరుకుడు రెండూ కారణాలే. కానీ ఈ జాతి విషయంలో వేట ముందు వరసలో ఉంది. అడవి బాగానే ఉన్న చోట్ల కూడా పిట్ట లేకపోవడమే దానికి రుజువు.

గయానాలో దొరికిన రెండో గుంపు

2000 ఏప్రిల్‌లో గయానా దక్షిణాన, కనుకు కొండలకు దిగువన ఉన్న రుపునూని గడ్డి మైదానాల్లో సర్వే చేస్తున్న పక్షి శాస్త్రవేత్తలకు రెడ్ సిస్కిన్‌లు కనిపించాయి. అప్పటికి తెలిసిన దగ్గరి వెనెజువేలా గుంపుకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరం. ఇది సంతోషించాల్సిన వార్తే, కానీ ప్రకటిస్తే మర్నాడే పిట్టలు పట్టేవాళ్లు వస్తారు. అందుకే మార్క్ రాబిన్స్, మైకేల్ బ్రౌన్, డేవిస్ ఫించ్‌ల పరిశోధన పత్రం 2003లో గానీ వెలువడలేదు. ఈలోగా 2002లో అక్కడివాళ్లే సౌత్ రుపునూని కన్సర్వేషన్ సొసైటీ పెట్టుకున్నారు. ఆ ప్రాంతపు వాపిషానా ఆదివాసీ గ్రామాల నుంచి వచ్చినవాళ్లే పిట్టలను లెక్కపెట్టేది, కొత్తవాళ్లు వస్తే కనిపెట్టేది.

వెనెజువేలాతో పోలిస్తే ఇక్కడ తేడా పిట్టల సంఖ్య ఒక్కటే కాదు. గయానాలో పంజరం పిట్టల మోజు రంగు మీద కాదు, గొంతు మీద. తోవా తోవా అని పిలిచే సీడ్ ఫించ్‌లతో కూత పందేలు పెడతారు. న్యూయార్క్‌లోని గయానా సంతతి వాళ్ల పందేల కోసం వాటిని జుట్టు చుట్టుకునే ప్లాస్టిక్ గొట్టాల్లో దాచి విమానాల్లో తెస్తూ పట్టుబడిన కేసులు అనేకం. సిస్కిన్ ఆ పందేల పిట్ట కాదు. ఇన్నాళ్లూ అక్కడ మిగలడానికి మారుమూల చోటుతో పాటు ఇదీ ఒక కారణమని నా అంచనా. అయితే అది రక్షణ కిందికి రాదు, అదృష్టం మాత్రమే. కొనేవాడు ఒకడు దొరికితే పిట్టలు పట్టే నైపుణ్యం ఆ దేశంలో ఇప్పటికే ఉంది.

ఇంకో తప్పు చేయకూడదు. గయానాలో ఉన్నాయి కదా, కొన్ని పట్టి వెనెజువేలాలో వదిలేద్దాం అనడం. వెయ్యి కిలోమీటర్లు విడిపోయిన రెండు గుంపులు తమ తమ నేలకు, గింజలకు, రోగాలకు అలవాటు పడి ఉంటాయి. జన్యువులు పోల్చి చూడకుండా కలిపితే ఉన్న రెండింటినీ పాడు చేసుకోవడమే.

పెంపకందారుల పిట్టలు వదిలితే చాలదా?

అందరూ మొదట అడిగేది ఇదే. చాలదనడానికి కారణాలు వరసగా ఉన్నాయి, అన్నిటికంటే బరువైనది స్వచ్ఛత. వందేళ్లుగా కెనరీలతో, హుడెడ్ సిస్కిన్ లాంటి దగ్గరి జాతులతో కలిపిన చరిత్ర ఉన్నప్పుడు పైకి అచ్చం రెడ్ సిస్కిన్‌లా కనిపించే పిట్టలో కూడా పరాయి రక్తం ఉండొచ్చు. రంగు చూసి చెప్పలేం. జన్యు పరీక్ష చేయాల్సిందే. దానికి పోల్చి చూసేందుకు అడవి పిట్టల నమూనాలు, మ్యూజియంలలోని పాత నమూనాలు కావాలి. స్మిత్సోనియన్ సంస్థ, కరాకస్‌లోని ప్రొవీతా అనే ప్రకృతి సంరక్షణ సంస్థ వంటివి కలిసి నడిపే రెడ్ సిస్కిన్ ఇనిషియేటివ్ ముందుగా ఈ జన్యు పని మీద కూర్చున్నది అందుకే.

రెండోది దగ్గరి చుట్టరికం. కొద్ది జతల నుంచి తరాల తరబడి పెంచితే పిల్లలు బలహీనమవుతాయి, గుడ్లు పొదగవు. రంగు మార్పులున్న పిట్టలకు ధర ఎక్కువని వాటినే పెంచితే ఇది ఇంకా ముదురుతుంది.

మూడోది పెంపకం పద్ధతి. సిస్కిన్ పెట్ట గూడు వదిలేస్తుందన్న భయంతో చాలామంది గుడ్లను కెనరీ కింద పొదిగిస్తారు. పొదగడానికి పన్నెండు రోజుల పైచిలుకు, గూడు విడవడానికి మరో రెండు వారాలు. ఆ కాలంలో, ఆ తర్వాత కూడా పిల్ల కెనరీనే తల్లి అనుకుంటుంది. పాట పుట్టుకతో రాదు, పక్కనున్న పెద్దవాటిని విని నేర్చుకోవాలి. కెనరీ పాట పాడే మగ సిస్కిన్‌ను అడవిలో వదిలితే ఆడది దగ్గరికి రావడం అనుమానమే. సొంత తల్లిదండ్రుల కింద పెరిగినవాటినే వదలడానికి ఎంచుకోవాలి.

నాలుగోది రోగం. సిస్కిన్ కుటుంబంలో కాక్సిడియా జాతి పరాన్నజీవులు పిల్లలను గూడు విడిచిన కొత్తలోనే చంపుతాయి. పెద్దవి పైకి బాగానే కనిపిస్తూ రెట్టలో వాటిని వదులుతుంటాయి. ఒక్కసారి రెట్ట పరీక్షలో ఏమీ కనిపించలేదని నమ్మకూడదు, రోజులో వేర్వేరు వేళల్లో, వేర్వేరు రోజుల్లో పదే పదే చూడాలి. పంజరంలో పెరిగిన జబ్బును అడవి గుంపుకు అంటిస్తే సాయం కాస్తా కీడవుతుంది.

ఇవన్నీ దాటినా వదిలే చోటు మిగిలే ఉంటుంది. ఏ కారణంతో జాతి పోయిందో అది తొలగకుండా, లేదా తగినంత తగ్గకుండా మళ్లీ వదలకూడదన్నది 2013 నాటి ఐయూసీఎన్ మార్గదర్శకాల్లో ఒక ముఖ్య సూత్రం. వేటగాడి పంజరం ఇంకా వేలాడుతున్న లోయలో, మనిషికి అలవాటు పడ్డ పిట్టను వదలడం అతనికి సరుకు అందించడమే అవుతుంది. అందుకే వెనెజువేలాలో పెంపక కేంద్రంతో పాటే కాఫీ రైతులతో పని సాగుతోంది. నీడ చెట్ల కింద కాఫీ పండించే కొండ వాలులు ఈ పిట్టకు పనికొచ్చే చోట్లు. చెట్లు కొట్టేసి ఎండలో పండిస్తే పనికిరావు. స్మిత్సోనియన్ ‘బర్డ్ ఫ్రెండ్లీ’ ముద్ర కావాలంటే తోట సేంద్రియమై ఉండాలి, నీడ కనీసం 40 శాతం, ప్రధాన నీడ చెట్లు కనీసం 12 మీటర్ల ఎత్తు, కనీసం పది రకాల చెట్లు ఉండాలి. ముద్ర పడ్డ కాఫీకి మంచి ధర వస్తే రైతు చెట్టు కొట్టడు, తన తోటలోకి వలతో వచ్చేవాణ్ని రానివ్వడు. సేంద్రియ ధ్రువీకరణకు ఏళ్లు పడుతుంది, ఆలోపు ధర దొరకదు. రైతు విసిగి వదిలేసే దశ అదే, ప్రాజెక్టు డబ్బు అప్పుడే ఎక్కువ కావాలి.

మన దగ్గర ఎర్ర కెనరీ కొంటే

హైదరాబాద్, విజయవాడ వంటి ఊళ్లలో కెనరీలు పెంచేవాళ్లకు ఒక సందేహం సహజం. ఎర్ర కెనరీలో సిస్కిన్ జన్యువు ఉంది కదా, అది కూడా అపెండిక్స్ I కిందికి వస్తుందా? రాదు. సైటిస్ తీర్మానం ప్రకారం సంకర జంతువు వంశంలో వెనక్కి నాలుగు తరాల లోపు అపెండిక్స్ జాతి ఉంటేనే సాధారణంగా ఆ నిబంధనలు వర్తిస్తాయి. తరతరాలుగా కెనరీల్లోనే కలిపిన ఎర్ర కెనరీకి అవి అంటవు. కానీ ఎవరైనా ‘సిస్కిన్ క్రాస్’, ‘మొదటి తరం’ అని అమ్మితే సంగతి వేరు. దానికి కాగితాలు కావాలి.

అసలు రెడ్ సిస్కినే అయితే 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సైటిస్ జాతులు షెడ్యూల్ IV లోకి వచ్చాయి. దగ్గర ఉంచుకున్నవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అపెండిక్స్ I జాతిని పెంచి పిల్లలు తీయాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర లైసెన్సు కూడా తీసుకోవాలి. అమ్మేవాడు కాలికున్న మూసిన రింగు చూపించి ఇది పెంపకం పిట్టే అంటాడు. అతుకు లేని ఆ రింగు పిల్ల గూట్లో కొద్ది రోజుల వయసులో ఉన్నప్పుడే ఎక్కుతుంది కాబట్టి పనికొచ్చే ఆధారమే. అయితే రింగు సాగదీసి గానీ, పెద్ద సైజుది గానీ పెద్ద పిట్ట కాలికి ఎక్కించే వీలుంది. రింగు వదులుగా కదులుతోందా, కాలి మీద దెబ్బ గుర్తు ఉందా అన్నది చూడాలి. రింగు మీది సంఖ్య కాగితాల్లోని సంఖ్యతో, తల్లిదండ్రుల వివరాలతో కలవాలి. కలవకపోతే కొనకూడదు, ధర ఎంత తక్కువ చెప్పినా సరే.